పేరొచ్చాక పంక్ బ్యాండ్ సౌండ్ మార్చుకోవాలా? మేం తేల్చుకున్న పద్ధతి

మా జామ్ రూమ్ (సాధన చేసుకునే అద్దె గది) బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఒక టైర్ల షాపు కింద, బేస్‌మెంట్‌లో ఉంది. గంటకు 500 రూపాయలు. పోయిన నెల మా తర్వాతి స్లాట్ కుర్రాళ్ళు మెట్ల దగ్గర ఆపారు. "అక్కా, మా పాట వీడియో ఒకటి బాగా తిరుగుతోంది. పెద్ద స్టేజీలకు పిలుస్తున్నారు. కాకపోతే కొంచెం మెత్తగా, మెలొడీగా చేసుకు రమ్మంటున్నారు. చేయాలా, వద్దా?" అని అడిగారు. నలుగురి మొహాల్లోనూ టెన్షన్. మేమూ ఒకప్పుడు అదే మెట్ల మీద అలాగే కూర్చున్నాం. నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి, మేం చేసిన తప్పులూ, చివరికి మాకు దొరికిన పద్ధతీ ఇక్కడ రాస్తున్నాను.

నేను బేస్ వాయిస్తాను. పాడేది మా పిన్ని కూతురు, నాకు చెల్లి. మాది హిందూపురం; ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే ఉండిపోయాం. డ్రమ్మర్‌ది నెల్లూరు. గిటారిస్టు బెంగళూరులోనే పుట్టిన కన్నడ అబ్బాయి, మా పాటలు వాయిస్తూ వాయిస్తూ తెలుగు నేర్చుకున్నాడు. పీజీ ఓనర్ల మీద, సిల్క్ బోర్డు ట్రాఫిక్ మీద, గార్మెంట్ ఫ్యాక్టరీ షిఫ్టుల మీద తెలుగులో పంక్ పాటలు (వేగంగా, మోతగా, కోపంగా సాగే రాక్) కట్టుకునేవాళ్ళం. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ల వాళ్ళూ బస్తీల వాళ్ళూ ఒకేలా కాచుకున్నప్పుడు ఒక పాట కట్టాం. నిమిషం యాభై సెకన్లు, మూడే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు). దాన్ని ఎవరో ఫోన్‌లో తీసి పెట్టారు. నలభై మంది వచ్చే మా షోలకు నాలుగొందల మంది రావడం మొదలైంది. అప్పుడు మొదలయ్యాయి సలహాలు.

ముందు "సౌండ్" అనే మాటను విడగొట్టండి

ఒక కాగితం తీసుకుని, మారబోయేది ఏమిటో విడివిడిగా రాయండి. వేగమా? గిటార్ మోతా? గొంతా? రికార్డింగ్ నునుపా? పాటలోని మాటలా? టికెట్ ధరా? ఎవరితో కాంట్రాక్టు అన్నదా? చివరి రెండూ సౌండ్ కానే కావు. కానీ "వీళ్ళు మారిపోయారు" అని జనం బాధపడేది ఎక్కువగా ఆ రెండింటి గురించే.

అమెరికన్ పంక్ బ్యాండ్ గ్రీన్ డే సంగతి చూడండి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్మన్ స్ట్రీట్ అని, సభ్యులే నడుపుకునే చిన్న హాలు ఉంది. గ్రీన్ డే అక్కడే పెరిగింది. 1991లో చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) లుకవుట్ మీద వచ్చిన "కెర్‌ప్లంక్", 1994లో పెద్ద లేబుల్ రిప్రైజ్ మీద వచ్చిన "డూకీ" ఆల్బమ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వినండి. రికార్డింగ్ శుభ్రపడింది, అంతే. పాటలు మాత్రం అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి. అయినా గిల్మన్ తలుపులు వాళ్ళకు మూసుకుపోయాయి, ఎందుకంటే పెద్ద లేబుల్ బ్యాండ్‌లకు అక్కడ చోటు లేదన్నది ఆ హాలు నియమం. మళ్ళీ అక్కడ వాయించడానికి 2015 దాకా పట్టింది. ఇప్పుడు ఇంకో అమెరికన్ బ్యాండ్ ఫుగాజీని చూడండి. 1990లో "రిపీటర్"కీ, 2001లో "ది ఆర్గ్యుమెంట్"కీ సౌండ్‌లో చాలా దూరం ఉంది. చివరికి వచ్చేసరికి మెల్లటి పాటలు కూడా వచ్చాయి. వాళ్ళను డబ్బుకు అమ్ముడుపోయారని అన్నవాళ్ళు నాకైతే తగల్లేదు. ఎందుకు? టికెట్ మామూలుగా 5 డాలర్లే ఉంచారు, అన్ని వయసుల వాళ్ళనూ రానిచ్చారు, సొంత లేబుల్ డిస్కార్డ్‌ను వదల్లేదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకున్నాక నాకు ఒకటి తెలిసింది. మన దగ్గరికి వచ్చేవాళ్ళతో మనకు ఒక మాట ఉంటుంది, ఎక్కడా రాసుకోని మాట. ఆ మాట ఏమిటో ముందు బ్యాండ్ అంతా కూర్చుని పైకి చెప్పుకోవాలి. మాది ఇలా తేలింది: ఏ షోలోనైనా కొన్ని టికెట్లు మా ఫ్యాక్టరీ అమ్మాయిలు కొనుక్కోగల ధరలో ఉండాలి, పాట ఎవరి గురించో వాళ్ళకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. వేగం గురించి అందులో ఒక్క ముక్క లేదని చూసి మేమే ఆశ్చర్యపోయాం.

గోడ ఎంత దూరంలో ఉందో చూడండి

పేరొచ్చాక బ్యాండ్ నెమ్మదిస్తే డబ్బు కోసం అనుకుంటాం. చాలాసార్లు కారణం గోడ.

మా మొదటి పెద్ద షో వైట్‌ఫీల్డ్ వైపు ఒక రేకుల కప్పు హాలులో. ట్యాంకర్ పాట మేం వాయించేది నిమిషానికి 184 బీట్‌లలో. మేం ప్రాణం పెట్టి వాయించాం. వెనక నిలబడ్డ మా ఆఫీసు స్నేహితురాలు "ఒక్క మాట అర్థం కాలేదే, వర్షంలో రేకుల కింద కూర్చున్నట్టుంది" అంది. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. నిమిషానికి 180 బీట్‌లు అనుకుందాం. బీట్‌కు సెకనులో మూడో వంతు. గిటార్ మీద బీట్‌కు రెండు స్ట్రోక్‌లు, అంటే స్ట్రోక్‌కూ స్ట్రోక్‌కూ మధ్య సెకనులో ఆరో వంతు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. ఆరో వంతు సెకనులో 57 మీటర్లు. అంటే వెనక గోడ స్టేజీకి 28, 29 మీటర్ల దూరంలో ఉంటే, మనం కొట్టిన స్ట్రోక్ గోడకు తగిలి తిరిగొచ్చి సరిగ్గా మన తర్వాతి స్ట్రోక్ మీద పడుతుంది. కార్డ్ మారిన చోట పాతదీ కొత్తదీ కలిసి ముద్దవుతాయి. మా బేస్‌మెంట్‌లో గోడ నాలుగు మీటర్ల దూరంలోనే ఉంది. అక్కడ శబ్దం తిరిగి రావడానికి సెకనులో నలభయ్యో వంతు కూడా పట్టదు. చెవి దాన్ని వేరే శబ్దంగా పట్టుకోదు, పైగా పాట ఇంకా బలంగా వినిపిస్తుంది. మనం చిన్న గదుల్లో కట్టిన పాటలు చిన్న గదులకే కొలిచి కుట్టినట్టు ఉంటాయి.

2011 అక్టోబరు 30న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటల్ బ్యాండ్ మెటాలికా వాయించినప్పుడు నేను చాలా వెనక, బురదలో నిలబడి విన్నాను. బరువైన నిదాన భాగాలు ఒక్కో దెబ్బా విడిగా వచ్చి ఛాతీకి తగిలాయి. వేగంగా కొట్టినవి మాత్రం నా దగ్గరికి వచ్చేసరికి ఒకటే హోరు. అప్పుడు అర్థం కానిది పదమూడేళ్ళ తర్వాత లెక్కలో అర్థమైంది.

అందుకని పెద్ద చోట్ల పాటను ముట్టుకోకముందు ఇవి చేయండి. గిటార్ ఆంప్ మీద గెయిన్ (గరగర మోత పెంచే నాబ్) సగానికి తగ్గించి, మిడ్స్ (మధ్య స్థాయి స్వరాలు) పెంచండి. ఇంట్లో పల్చగా అనిపిస్తుంది, భయపడొద్దు; హాలు దానికి కావలసిన మోత తనే కలుపుతుంది. గిటారిస్టు కుడి అరచేతి అంచును తీగల మీద ఆనించి స్ట్రోక్‌లను పొట్టిగా కోయాలి. డ్రమ్మర్ క్రాష్ సింబల్ (చాలాసేపు మోగే పెద్ద పళ్ళెం) మీద నడపకుండా హై-హ్యాట్ (జంట పళ్ళేలు) మూసి వాయించాలి. మా వాడికి ఇది నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది, ఎందుకంటే క్రాష్ మీద కొడుతుంటే వచ్చే ఆనందం వేరు. బేస్ నేను వేళ్ళతో కాకుండా ప్లెక్ట్రమ్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ళతో) వాయిస్తాను, ప్రతి నోటుకూ అంచు ఉండటానికి. సౌండ్‌చెక్‌లో బ్యాండ్‌లో ఒకరు తప్పకుండా చివరి వరసకు నడిచి వెళ్ళి వినాలి. మిక్సర్ దగ్గర ఉన్న అన్న "బాగుంది" అంటే సరిపోదు, ఆయన నిలబడేది మధ్యలో.

ఇవన్నీ చేశాక కూడా ముద్దగా ఉంటే, ఆ ఒక్క హాలుకు 184ను 172 చేయండి. సెట్‌లిస్ట్ మీద పెన్సిల్‌తో రాసుకోండి, పెన్‌తో వద్దు. చిన్న గదికి తిరిగి వచ్చినప్పుడు చెరిపేయాలి కదా. గది కోసం చేసిన సర్దుబాటు అలవాటైపోయి, రికార్డింగ్‌లో కూడా అదే వేగానికి దిగిన బ్యాండ్‌లను నేను ఈ ఊళ్ళోనే చూశాను.

అడిగింది ఎవరు?

మేం చేసిన అసలు తప్పు ఇది. ఒక ఈవెంట్ కంపెనీ వాళ్ళు ఐటీ క్యాంపస్‌లో సాయంత్రం షోకు పిలిచారు. మా ఆరు నెలల జామ్ రూమ్ అద్దెకు సరిపడా డబ్బు. ట్యాంకర్ పాటకు ముందు కీబోర్డు మీద మెల్లటి ఎత్తుగడ పెట్టి, వేగం 120కి దించి, చివర్లో అందరూ చేతులు ఊపేలా హమ్మింగ్ పెట్టమన్నారు. పెట్టాం. క్యాంపస్‌లో చప్పట్లు బాగానే పడ్డాయి. మా వాళ్ళూ విననీ అని అదే వెర్షన్‌ను మడివాళ దగ్గర ఒక కమ్యూనిటీ హాలులో, మా పాత జనం ముందు వాయించాం. కదిరి నుంచి వచ్చి హొసూరు రోడ్డు మీద గార్మెంట్స్‌లో పనిచేసే ఒక అమ్మాయి మా మొదటి షో నుంచి వస్తుంది. అయిపోయాక నా దగ్గరికొచ్చి, కోపంగా కాదు, అర్థం కాక అడిగినట్టు అడిగింది: "అక్కా, ఈ పాటలో నీళ్ళు వచ్చేసినట్టుందే?"

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ పాటలో వేగం అలంకారం కాదు. ట్యాంకర్ హారన్ వినగానే బిందెలు పట్టుకుని నాలుగంతస్తులు దిగే పరుగు అది. పరుగు తీసేస్తే, నీళ్ళు వచ్చేసి అందరూ స్నానం చేసి కూర్చున్న పాట మిగిలింది. మాటలు ఒక్కటీ మార్చకుండానే అర్థం మార్చేశాం.

అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం. సౌండ్ గురించి ఎవరు ఏ సలహా ఇచ్చినా తేదీతో రాస్తాం: ఎవరన్నారు, ఏమన్నారు, అలా చేస్తే వాళ్ళకేమిటి. మూడు వారాలు దాన్ని ముట్టుకోం. ఆ మూడు వారాల్లో బ్యాండ్‌లో ఎవరో ఒకరు తమంతట తాము జామ్‌లో ఆ మార్పు వైపు వెళ్తే, అప్పుడు చర్చిస్తాం. బయటి సలహాలన్నీ చెడ్డవని కాదు. హై-హ్యాట్ సలహా బయటి మనిషిదే, ఒక పెళ్ళి బ్యాండ్ డ్రమ్స్ మాస్టారుది. ఆయనకు మా వల్ల పైసా లాభం లేదు.

గొంతు చెప్పేది వినండి

పేరొస్తే షోలు పెరుగుతాయి. ఆరు వారాల్లో పదకొండు షోలు చేశాక మా చెల్లి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఈఎన్‌టీ డాక్టర్ చూసి స్వర తంతుల మీద నాడ్యూల్స్ (చిన్న గడ్డలు) అన్నారు. విశ్రాంతి, తర్వాత స్పీచ్ థెరపీ. గుసగుసగా మాట్లాడినా గొంతుకు శ్రమేనని అప్పుడే తెలిసింది. మేం అంతవరకు గుసగుసే విశ్రాంతి అనుకున్నాం. పాడే ప్రతి ఒక్కరూ ఇది గుర్తుపెట్టుకోండి. రెండు వారాలు దాటి బొంగురు పోకపోతే మాత్రం అల్లం, తేనె దగ్గర ఆగిపోకుండా డాక్టర్‌కు చూపించండి.

అరవడం తగ్గించాలి, పాటలో పరుగు తగ్గకూడదు. ఎలా? జవాబు మా తాతయ్య క్యాసెట్ల పెట్టెలో దొరికింది. షేక్ నాజర్ బుర్రకథ. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆ మహానుభావుడి కథలు మా ఇంట్లో అన్నం తింటూ వినేవాళ్ళం. బుర్రకథలో కథకుడు ఒక్కడే అంతా మోయడు. ఇటొక వంత, అటొక వంత. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు మాట అందిస్తే వంతలు అందుకుని ఎగదోస్తారు, ఆలోపు కథకుడు ఊపిరి తీసుకుంటాడు. పంక్‌లో అందరూ కలిసి అరిచే కోరస్ పని కూడా ఇదే కదా అనిపించింది. ఇప్పుడు చెల్లి ఒక వాక్యం మాట్లాడినట్టు పాడుతుంది, డ్రమ్మర్, గిటారిస్టు వంత అరుస్తారు. ఆమె అరిచేది మూడో వంతుకు తగ్గింది. పాట ఇంకా రాజుకుంది, ఎందుకంటే ఒక్కరి కోపం ముగ్గురిదయింది. మా సౌండ్‌లో వచ్చిన అతిపెద్ద మార్పు ఇదే. ఒక్క మనిషి కూడా "మారిపోయారు" అనలేదు.

ఇక్కడ జాబ్రేకర్ అనే అమెరికన్ పంక్ బ్యాండ్ గురించి చెప్పకుండా ఉండలేను. పాడే బ్లేక్ ష్వార్జెన్‌బాక్‌కు గొంతులో పాలిప్స్ (పెరిగిన కండలు) తీయడానికి ఆపరేషన్ అయింది. 1995లో పెద్ద లేబుల్ మీద వచ్చిన "డియర్ యు"లో గొంతు నున్నగా, స్పష్టంగా వినిపించింది. పాత అభిమానులు లేబుల్‌ను చూసి ఆ నునుపును అమ్ముడుపోవడంగా విన్నారు. మరుసటి ఏడాదే బ్యాండ్ విడిపోయింది. పెద్ద లేబుల్‌కు వెళ్ళబోమని అంతకుముందు బ్యాండ్ వాళ్ళే చెప్పి ఉండటం కూడా అభిమానుల కోపానికి ఒక కారణం, అది నిజం. కానీ ఒక మనిషి గొంతుకు జరిగింది తెలిసి వింటే ఆ రికార్డ్ వేరేగా వినిపిస్తుంది. మీ మార్పుకు ఇలాంటి కారణం ఉంటే దాచకండి. స్టేజీ మీద ఒక్క వాక్యం చెప్పండి. మా చెల్లి చెప్పింది. జనం వంత అందుకున్నారు.

కొత్త పాటను పరీక్షించడం

మార్పు మీలోంచే వచ్చిందా, నెత్తిన పడిందా అన్నది తేల్చడానికి మీ పాత రికార్డింగ్‌లు వినండి, పాడైపోయిన డెమోలు కూడా. ది క్లాష్ 1979 చివర్లో "లండన్ కాలింగ్"తో జమైకా సంగీతాలైన రెగే, స్కా, పాతకాలపు రాక్ అయిన రాకబిల్లీ అన్నీ కలిపేసిందని అందరికీ తెలుసు. కానీ 1977లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లోనే జూనియర్ మర్విన్ రెగే పాట ఒకటి ఉంది. విత్తనం ముందే పడింది. పైగా రెండు రికార్డుల "లండన్ కాలింగ్"ను ఒక్క ఆల్బమ్ ధరకే అమ్మించారు. 1983లో బ్యాడ్ రెలిజియన్ మాత్రం ఉన్నట్టుండి కీబోర్డులతో "ఇన్‌టు ది అన్‌నోన్" తెచ్చింది. అంతకుముందు వాళ్ళ పాటల్లో దానికి దారి నాకు వినిపించదు. అభిమానులు తిప్పికొట్టారు, బ్యాండ్ చెదిరింది. 1988లో "సఫర్"తో మళ్ళీ నిలబడ్డారు. ప్రయోగం తప్పని నేను అనను. కానీ డెమోలు వింటే మీకు మీరే తెలుసుకోవచ్చు, మీది ఏ దారో.

పరీక్ష మేం ఇలా చేస్తాం. కొత్త పాటను ఒకే గిటార్‌తో, పెడల్స్ లేకుండా, ఫోన్‌ను గది మధ్యలో స్టూల్ మీద పెట్టి మూడుసార్లు వాయిస్తాం. రెండు వారాలు ఎవరూ వినం. తర్వాత బస్సులోనో, వంట చేస్తూనో విడివిడిగా వింటాం. నలుగురిలో ఒక్కరికైనా "ఇది మనం కాదు" అనిపిస్తే ఎందుకో చెప్పాలి. చెప్పలేకపోయినా ఆ పాట ఇంకో రెండు వారాలు ఆగుతుంది. ఆ తర్వాత చిన్న షోలో, కొత్త పాట అని చెప్పకుండా, సెట్‌లో నాలుగోదిగా వాయిస్తాం. మొదట్లో పెడితే జనం ఇంకా కుదురుకోరు, చివర్లో పెడితే ఏదైనా నచ్చుతుంది. పైకెత్తిన ఫోన్‌లను లెక్కపెట్టొద్దు. పక్కవాళ్ళతో మాట్లాడుతున్నవాళ్ళు మాట ఆపారా, అది చూడండి.

రికార్డింగ్ గురించి ఎక్కువ చెప్పను. రమోన్స్ మొదటి ఆల్బమ్ 1976లో 6,400 డాలర్లతో అయిపోయింది, 14 పాటలు, 29 నిమిషాలు. 1980లో నిర్మాత ఫిల్ స్పెక్టర్‌తో భారీగా చేసిన "ఎండ్ ఆఫ్ ది సెంచరీ" వాళ్ళ ఆల్బమ్‌లలో అమెరికా చార్టుల్లో అన్నిటికంటే పైకి వెళ్ళింది, 44వ స్థానం. నేను మళ్ళీ మళ్ళీ వినేది మాత్రం మొదటిదే. ఎక్కువ డబ్బు చేతిలో ఉంటే ఎక్కువ రోజులు స్టూడియో తీసుకోకండి. మంచి డ్రమ్ గది ఉన్న స్టూడియో రెండు రోజులు తీసుకోండి.

పాత పాటల్ని పాత వేగంలోనే ఉంచండి. డ్రమ్మర్ చెవిలో మెట్రోనోమ్ నాలుగు క్లిక్‌లు వినిపించి మొదలుపెట్టిస్తాం, ఎందుకంటే పెద్ద జనాన్ని చూస్తే అతను 184ను 196 చేస్తాడు. అది కూడా మార్పే.

తమ్ముళ్ళూ, ఆదివారం మా స్లాట్ నాలుగు నుంచి ఆరు. ఐదున్నరకే ఆపేస్తాం. మీ వీడియో పాటను వాళ్ళు అడిగినట్టు ఒకసారి, మీకు వచ్చినట్టు ఒకసారి వాయించండి. ఫోన్ స్టూల్ మీద నేను పెడతాను. కదిరి అమ్మాయిని కూడా రమ్మన్నాను, ఆ రోజు ఆమెకు సెలవు.